పెద్దక్క నవ్వాక

ఆ లాండ్రీలో కొత్తగా పనికి చేరినవాళ్ళకు మొదటిరోజే మూడు సంగతులు చెప్పేవారు. టిఫిన్ డబ్బా ఏ అరలో పెట్టుకోవాలి, చేతులు ఏ కుళాయి దగ్గర కడుక్కోవాలి, చిన్నబాబు జోకు చెప్పినప్పుడు ఎప్పుడు నవ్వాలి. డబ్బా ఖాళీగా ఉన్న అరలో పెట్టుకోవచ్చు. చేతులు గోడవైపు కుళాయి దగ్గరే కడుక్కోవాలి, ఎందుకంటే రెండోదాంట్లో బాయిలరు నీళ్ళొస్తాయి. నవ్వు సంగతికి మాత్రం జవాబు ఒక్కటే: పెద్దక్క నవ్వాక.

ఈ మాట ఎక్కడా రాసిపెట్టి లేదు. రాసిపెట్టినవి వేరే ఉన్నాయి. 'పొగ తాగరాదు' అన్న బోర్డు కింద నిలబడి ఉతికే డ్రమ్ములు తిప్పే డ్రమ్ముబావ రోజూ పొగ తాగేవాడు. 'తడి నేల, జాగ్రత్త' అన్నచోట అందరూ పరిగెత్తేవారు. గోడమీద రాసినవాటిని గోడకే వదిలేసి, రాయనివాటిని తు.చ. తప్పకుండా పాటించడం మనుషుల పద్ధతి. ఆ లాండ్రీవాళ్ళూ మనుషులే.

పెద్దక్క వాళ్ళలో ఎవరికీ సొంత అక్క కాదు. నిజానికి పుట్టింట్లో ఆవిడే ఆఖరిది. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లను ఉతికి, పిండి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మళ్ళీ హోటళ్ళకు పంపే ఆ చోట అందరికంటే ముందు చేరింది గనక పెద్దక్క అయింది. ఆవిడ పని మడతబల్ల దగ్గర. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల మడతపడదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నాలుగు కొసలు పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, ముందుకు నడిచి, కొసలు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని వెనక్కి జరగాలి. ఆవిడకు ఎదురుగా నిలబడే మనిషిని గడియారం అనేవారు. పని వదిలే సమయం ఆ మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు, కడుపులోనే తెలిసిపోయేది. ఇద్దరూ రోజంతా ఎదురెదురుగా నడిచి, చేతులు తాకించుకుని, మళ్ళీ విడిపోయేవారు. ఆలుమగలు కూడా అన్నిసార్లు ఎదురుపడరు.

ఇక చిన్నబాబు అంటే ఓనరు. బట్టతల వచ్చి, మీసం నెరిసినా చిన్నబాబే, ఎందుకంటే ఆయన తండ్రి పెద్దాయన ఇంకా ఉన్నాడు. పెద్దాయన చేతిలో లాండ్రీ ఉన్నంతకాలం జోకుల ప్రసక్తే లేదు. ఆయన మాట్లాడితే అది ఆజ్ఞ, మాట్లాడకపోతే అది కోపం. వయసు మీదపడి ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక కొడుకు వచ్చి కూర్చున్నాడు. ఓనరన్నవాడు పనివాళ్ళతో కలిసిపోవాలని ఆయనకు ఎవరో చెప్పారు. ఎలా కలవాలో చెప్పలేదు. పాపం, జోకులు చెప్పడమే కలిసిపోవడమనుకున్నాడు.

మొదటిరోజు మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, "దుప్పటి తలగడతో అందిట, నీదే హాయి, ఒక్క తల మోస్తే చాలు, నేను మనిషి మొత్తాన్ని కప్పాలి అని" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వకూడదని కాదు. ఓనరు మాటకు నవ్వితే ఏమవుతుందో ఎవరికీ అనుభవం లేదు. మూలనున్న కుళాయిలోంచి చుక్కలు పడటం వినిపించింది. ఆ రోజుల్లో పెద్దక్కకు కుళాయి చుక్కలు కూడా వినపడేవి. చిన్నబాబు చెవులు ఎర్రబడ్డాయి. పెద్దక్కకు జాలేసింది. జోకుకి కాదు, ఆ చెవులకి. ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వుతోందంటే ఏదో ఉండే ఉంటుందని మిగతావాళ్ళూ నవ్వారు. నలుగురితో నారాయణా. చిన్నబాబు పొంగిపోయి, మర్నాడు ఇంకోటి తెచ్చాడు.

అలా మొదలైంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఒక జోకు, ఒక క్షణం నిశ్శబ్దం, పెద్దక్క నవ్వు, దాని వెనకాల అందరి నవ్వు. జోకు బాగుందా లేదా అన్న ఆలోచన ఎవరూ పెట్టుకోలేదు. ఆ బరువు పెద్దక్కది. ఒకసారి ఆవిడ జ్వరంతో పనికి రాకపోతే చిన్నబాబు జోకు చెప్పాక అందరూ ఖాళీగా ఉన్న ఆవిడ స్టూలువైపు చూసి, చివరికి ఎవరూ నవ్వలేక తినడం మొదలుపెట్టారు.

ఇంత పద్ధతిగా నడుస్తున్నదానికి ఒక్క ఇబ్బంది వచ్చింది. పెద్దక్కకు చెవులు వినపడటం మానేశాయి.

మడతబల్ల పక్కనే పిండే మిషను ఉండేది. తడిబట్టలు అందులో వేసి తిప్పితే అది పెట్టే గోలకు మనిషి నోట్లో పళ్ళు కూడా కదిలేవి. ఏళ్ళ తరబడి దాని పక్కన నిలబడ్డందుకు ముందు ఎడమ చెవి పోయింది. ఒకటి పోతే ఏం, ఇంకోటుందిగా అనుకుంది. ఆ ఇంకోటి కూడా దాని దారిన అది వెళ్ళిపోయింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే ఎక్కడో నూతిలోంచి మాట్లాడినట్టు వచ్చేది. లేకపోతే ఏమీ లేదు.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం గంట. డ్రమ్ముల్లోంచి తీసిన తడిబట్టల ట్రాలీ వాలుమీదనుంచి దొర్లుకుంటూ వచ్చేది. అది బయల్దేరేటప్పుడు గంట కొట్టేవారు, దారిలో ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకోవాలి. చాలా కాలం క్రితం పనివాళ్ళలో ఒక పెద్దమనిషి ఆ గంట వినపడక ట్రాలీకి అడ్డంగా నిలబడితే, మడమమీద దెబ్బ తగిలింది. మర్నాడు పెద్దాయన ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "గంట వినపడనివాళ్ళు ఇక్కడ ఉండకూడదు. ఇది రూలు. ఏమనుకోకు" అని ఇంటికి పంపించేశాడు. మర్యాదగానే పంపించాడు. ఎంత మర్యాదగా పంపినా వెళ్ళేది ఇంటికే.

పెద్దక్కకు ఆ ఇల్లంటేనే భయం. ఇల్లంటే ఒక గది, ఒక టీవీ, మొగుడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి మానేశాడు గానీ, ఆ గొంతు మానలేదు. పొద్దున లేచింది మొదలు దేశం ఎలా నడవాలో, కూర ఎలా వండాలో, పక్కింటివాడు బండి ఎక్కడ పెట్టాలో చెబుతూనే ఉంటాడు. లాండ్రీలో ఆవిడ పెద్దక్క. ఆవిడ నవ్వితేగానీ ఒక షాపు షాపంతా నవ్వదు. ఇంట్లో ఆవిడ ఆయనగారి భార్య, అంతే. ఆ మడతబల్ల దగ్గర చోటు పోతే తనలో సగం పోయినట్టేనని ఆవిడకు బాగా తెలుసు.

అందుకని తెలివితేటలు ఉపయోగించింది. ఎవరైనా మాట్లాడుతుంటే పెదవులు చూసేది. అర్థం కాకపోతే "అంతేగా మరి" అనేది. ప్రపంచంలో ఏ మాటకైనా సరిపోయే జవాబు అది. టీవీ ముందు కూర్చున్నప్పుడు సౌండు బాగా తగ్గించేసేది. పక్కింటావిడ అది చూసి, "మీరెంత పద్ధతైనవాళ్ళండీ, మా ఇంట్లో చెవులు పగిలిపోతాయి" అని మెచ్చుకుంది. మొగుడైతే, పెళ్ళైన ఇన్నేళ్ళకు తన భార్య ఎదురు చెప్పడం మానేసిందని, ఓపిగ్గా చెబితే ఎవరైనా మారతారని స్నేహితులతో చెప్పుకునేవాడు.

అదృష్టం కూడా ఆవిడ పక్షానే ఉంది. ఒకరోజు పొద్దున వచ్చేసరికి గంట పక్కన ఎర్రబల్బు వెలిసింది. గంట మోగితే బల్బు కూడా వెలుగుతుంది. కరెంటువాళ్ళ కొత్త రూలని చెప్పారు. పక్కనున్న బేకరీకి ఆ రూలు ఎందుకు లేదో ఆవిడ అడగలేదు. అదే వారంలో నేల పగిలిందని మడతబల్లను ఎదుటి గోడ దగ్గరికి జరిపారు. అక్కడ నిలబడితే బల్బు సరిగ్గా కళ్ళెదుట ఉంటుంది. పని వదిలే వేళకి గడియారం దుప్పటి కొసను రెండుసార్లు లాగడం మొదలుపెట్టింది. ఎప్పుడూ నోటితో చెప్పే మనిషి ఇలా లాగుతోందేమిటా అనుకుని, పెద్దక్క వయసు మీదపడితే మనుషులకు మాట్లాడే ఓపిక తగ్గుతుందని సరిపెట్టుకుంది.

అన్నిటికంటే పెద్ద గండం జోకు. అక్కడ పెదవులు చూసి లాభం లేదు, చిన్నబాబు జోకులు పెదవులకే సరిగ్గా తెలియవు. మిగతావాళ్ళను చూసి నవ్వుదామంటే వాళ్ళంతా తనను చూసి నవ్వుతారు. అదృష్టవశాత్తూ చిన్నబాబుకు కూడా ఆమధ్యే ఒక అలవాటు పట్టింది. జోకు పూర్తికాగానే కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకునేవాడు. ఆ కళ్ళజోడు ఎప్పుడు చూసినా తళతళ మెరుస్తూనే ఉండేది, అయినా తుడిచేవాడు. ఉన్నవాళ్ళ శుభ్రం అలాగే ఉంటుందనుకుంది పెద్దక్క. కళ్ళజోడు ముక్కు దిగడం, ఆవిడ నవ్వడం. ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతమందిని ఇంతకాలం మభ్యపెట్టగలిగానని ఆవిడకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

పెద్దాయనకు జబ్బు చేసి ఆసుపత్రిలో చేర్చారు. చిన్నబాబు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ చిక్కిపోయాడు. కొన్నాళ్ళు జోకులు ఆగిపోయాయి. ఓనరు జోకు చెప్పకపోతే పనివాళ్ళకు హాయిగా ఉండాలి. అలా ఉండలేదు. మధ్యాహ్నం బల్ల దగ్గర అందరూ ఏదో మర్చిపోయినట్టు కూర్చునేవారు.

ఆ రోజు మధ్యాహ్నం చిన్నబాబు వచ్చాడు. నేరుగా ఆసుపత్రి నుంచే వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగి ఉంది. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఏదో చెప్పాడు. చిన్నగానే చెప్పాడు. చెప్పి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

పెద్దక్క ప్రాణం లేచొచ్చింది. పోనీలే, మళ్ళీ మామూలు మనిషయ్యాడు అనుకుంది. ఇన్నాళ్ళ తర్వాత చెప్పిన జోకుకి మామూలు నవ్వు చాలదనిపించి, కడుపులోంచి తెచ్చి, రెండు చేతులూ బల్లమీద కొట్టి మరీ నవ్వింది.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత డ్రమ్ముబావ నవ్వాడు. తర్వాత ఇస్త్రీమామ. తర్వాత గడియారం, ఆ వెనక అందరూ. ఎందుకు నవ్వారని తర్వాత ఎవరైనా అడిగితే, అలవాటులో నోరు దానంతటది తెరుచుకుందని డ్రమ్ముబావ అనేవాడు. తనకే తప్పు వినపడిందేమో అనుకున్నానని ఇస్త్రీమామ అనేవాడు. గడియారం మాత్రం జవాబు చెప్పేది కాదు.

చిన్నబాబు కళ్ళజోడు పెట్టుకున్నాడు. రోజూ నవ్వయ్యాక తలూపి, ఎవరో ఒకరి డబ్బాలోంచి ఒక ముక్క తీసుకునేవాడు. ఆ రోజూ తలూపాడు. కానీ ఎవరి డబ్బాలోంచీ ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు. పెద్దక్క నవ్వాపి చూసింది. అందరి నోళ్ళూ ఇంకా నవ్వుతున్నాయి, కళ్ళు నవ్వడం లేదు. తర్వాత అన్ని నోళ్ళూ ఒకేసారి మూసుకున్నాయి. నవ్వు అలా ఆగదు. కొంచెం కొంచెంగా చల్లారుతుంది.

మడతబల్ల దగ్గర గడియారం దుప్పటి కొసలు పట్టుకుని ముందుకు నడిచి, చేతులు తాకినచోట ఆగింది. మొహంలో మొహం పెట్టి, పెదవులు బాగా కదిలిస్తూ చెప్పింది.

"విన్నావా పెద్దక్కా, పెద్దాయన పోయారంట."

అప్పుడే ఎవరో చెబితే తెలిసినట్టు చెప్పింది. పెద్దక్క దుప్పటి వదిలేసింది. అంత పెద్ద దుప్పటి, ఉతికి ఇస్త్రీ చేసింది, నేలమీద పడింది. ఆ లాండ్రీలో ఆవిడ చేతిలోంచి దుప్పటి నేలపాలు కావడం అదే మొదలు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు. ఆవిడకైతే ఒక్క నవ్వుతోనే నాలుగూ వచ్చిపడ్డాయి.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆలోచించింది. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు, ఉన్నవి రెండే దారులు. వినపడక నవ్వానని చెబితే, గంట రూలు ఉంది, మర్యాదగా మంచినీళ్ళిచ్చి ఇంటికి పంపుతారు. చెప్పకపోతే, అన్నం పెట్టిన మనిషి చచ్చిపోతే బల్ల కొట్టి నవ్విన ఆడదిగా ఆ బల్ల దగ్గరే బతకాలి. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. మొగుడు ఎదురుగా కూర్చుని ఏదో చెబుతున్నాడు. ఆవిడ ఆయనవైపు తిరిగింది.

"ఏమండీ, నాకు చెవులు వినపడవు."

ఆయన నోరు ఆగింది. ఆవిడ చెవి దగ్గరికి వచ్చి, బస్సు వెనకసీటుదాకా వినపడే గొంతుతో అడిగాడు.

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళైంది."

"మరి నేను చెప్పినవన్నీ?"

"ఏం చెప్పారు?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా చెవిటివాడి ముందు శంఖం ఊదానని ఆయనకు అప్పుడే తెలిసింది. భార్య చెవులు పోయినందుకు బాధపడాలో, తన మాటలు పోయినందుకు బాధపడాలో తేల్చుకోలేక టీవీ ఆపేశాడు. కాసేపటికి లేచి వెళ్ళి, ఆవిడకు ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మంచినీళ్ళు చూసి ఆవిడకు పెద్దాయన రూలు గుర్తొచ్చింది. ఏదైతే అదైంది, చెప్పేద్దామనుకుంది. చోటు పోతే పోనీ. చావుకు నవ్వే మనిషినన్న పేరు మాత్రం మోయలేననుకుంది.

మర్నాడు సాయంత్రం లాండ్రీవాళ్ళంతా దుప్పట్లు మోసే వ్యానులోనే పెద్దాయన ఇంటికి పరామర్శకు వెళ్ళారు. ఇస్త్రీమామ అందరి బట్టలకూ ఇస్త్రీ చేశాడు. నిన్నటిది నవ్వు కాదు, అందరికీ ఒకేసారి దగ్గొచ్చిందని చెబుదామని డ్రమ్ముబావ దారిలో ఒకసారి అన్నాడు గానీ, ఎవరూ పలకలేదు.

ముందుగదిలో కుర్చీలు గోడల వెంట వేసి ఉన్నాయి. బంధువులు కూర్చుని ఉన్నారు. మధ్య కుర్చీలో పెద్దాయన చెల్లెలు, అంటే చిన్నబాబు మేనత్త కూర్చుని, వచ్చేవాళ్ళలో ఎవరి కళ్ళు తడిగా ఉన్నాయో, ఎవరివి పొడిగా ఉన్నాయో చూస్తోంది. లాండ్రీవాళ్ళు గోడకు వరసగా నిలబడ్డారు. ఏడవాలని అందరికీ తెలుసు. అసలు ఏడుపు వస్తోంది కూడా. కానీ వరసలో ఒక్కరూ మొదలుపెట్టలేదు. అందరూ ఓరకంట పెద్దక్కనే చూస్తున్నారు. పెద్దక్క ఏడవడం లేదు, చెప్పాల్సిన మాటలు మనసులో కూడబలుక్కుంటోంది. మేనత్త మొహం ముడుచుకుంది. ఇంతమందికి ఇన్నేళ్ళు జీతాలిచ్చిన మనిషి పోతే ఒక్కరి కంట చుక్కలేదేమిటని పక్కనావిడతో అంది.

చిన్నబాబు లోపల్నుంచి వచ్చాడు. పెద్దక్క వరసలోంచి ముందుకు వెళ్ళింది. గుసగుసగా చెబుతున్నాననుకుంది. బయట వ్యాను దగ్గర ఉన్న డ్రైవరుకు కూడా వినపడింది.

"బాబూ, నాకు చెవులు వినపడవు. చాన్నాళ్ళైంది, దాచిపెట్టాను. మీరేం చెప్పారో నేను వినలేదు. కళ్ళజోడు తీశారని నవ్వాను. గంట రూలు నాకు తెలుసు, పనిలోంచి తీసేస్తే తీసేయండి. పెద్దాయన పోతే నవ్విందని మాత్రం అనుకోకండి."

లాండ్రీవాళ్ళు ఆశ్చర్యపోవాల్సిన సమయమది. కొంచెం ఆలస్యం జరిగింది, ఎందుకంటే ముందుగా ఆశ్చర్యపోవాల్సిన మనిషే ఆ మాట చెప్పింది. చివరికి డ్రమ్ముబావ తేరుకుని, "అయ్యో, అలాగా పెద్దక్కా? మాకు తెలియనే తెలియదే" అన్నాడు. ఇస్త్రీమామ ముక్కుమీద వేలేసుకున్నాడు.

చిన్నబాబు ఆవిడకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. వెలుతురు తన మొహంమీద పడేలా కొంచెం జరిగాడు. మెల్లిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"నాకు తెలుసు పెద్దక్కా."

ఆవిడ పెదవుల్ని తప్పు చదివాననుకుంది.

"అందరికీ తెలుసు. ఆ కళ్ళజోడు మీకోసమే తీసేవాణ్ణి. దానికి మురికేముంది తుడవడానికి? నిన్న మాత్రం నాకోసం తీశాను. మీరు చూస్తున్నారన్న సంగతి మర్చిపోయాను. తప్పు నాదే."

పెద్దక్క వెనక్కి తిరిగి వరసను చూసింది. గడియారం కళ్ళు దించుకుంది. డ్రమ్ముబావ తెచ్చిపెట్టుకున్న ఆశ్చర్యాన్ని మొహంమీంచి దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. మడతబల్ల ఎందుకు జరిగిందో, దుప్పటి ఎందుకు రెండుసార్లు కదిలేదో, మాట్లాడేవాళ్ళందరూ ఎందుకు చుట్టు తిరిగి తన ముందుకొచ్చి నిలబడేవారో ఒకదాని తర్వాత ఒకటి ఆవిడకు తెలిసొచ్చాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఇక్కడ పాలగిన్నె జరిపి పెట్టింది కూడా వాళ్ళే.

"మరి నిన్న వీళ్ళెందుకు నవ్వారు?"

చిన్నబాబు గడియారంవైపు చూశాడు. గడియారం దగ్గరికొచ్చి, ఎప్పుడూ దుప్పటి మధ్య నిలబడే అంత దూరంలో నిలబడి చెప్పింది.

"నువ్వొక్కదానివే నవ్వితే ఏం బాగుంటుంది పెద్దక్కా? అందరికీ తెలిసిపోదూ?"

పెద్దక్కకు ఇంకొకటి మిగిలిపోయింది.

"అయితే ఆ ఎర్రబల్బు కూడా మీరేనా బాబూ?"

"నేను కాదు. నాన్న."

"రూలు పెట్టింది ఆయనేగా?"

"ఆయనే. రూలు మార్చనన్నారు. మారిస్తే, ఆనాడు ఇంటికి పంపిన మనిషికి మొహం ఎలా చూపించాలన్నారు. అందుకని బల్బు పెట్టించి, కరెంటువాళ్ళ రూలని చెప్పమన్నారు. మీకు తెలియకూడదన్నారు. మొన్న ఆసుపత్రిలో కూడా అడిగారు."

"ఏమని?"

"బల్బు వెలుగుతోందా అని."

చిన్నబాబు కళ్ళు నిండాయి. చెయ్యి దానంతటది కళ్ళజోడు మీదికి వెళ్ళింది. గోడ దగ్గర వరసంతా ఒక్కసారిగా పెద్దక్క మొహంలోకి చూసింది. ఇద్దరు ముగ్గురికైతే పెదవులు కూడా కదిలాయి. పెద్దక్క చప్పున ముందుకెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ముక్కు సగం దిగిన కళ్ళజోడును తన చేత్తోనే పైకి తోసి, సరిగ్గా పెట్టింది.

తర్వాత ఏడ్చింది. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో ఆవిడకు తెలియదు, అందుకని దానికి హద్దు లేకపోయింది. ఆ వెంటనే గడియారం ఏడ్చింది. డ్రమ్ముబావ ఆశ్చర్యం దించేసి ఏడ్చాడు. ఇస్త్రీమామ గోడవైపు తిరిగి భుజాలు అదిరేలా ఏడ్చాడు. నిన్నటినుంచి కడుపులో దాచుకున్నదంతా బయటికొచ్చింది. మేనత్త ఉలిక్కిపడి, తర్వాత సంతృప్తిగా తలూపి, కుర్చీల్లో కూర్చున్న కోడళ్ళవైపు తిరిగింది.

"పనివాళ్ళని చూసి నేర్చుకోండి" అంది. కోడళ్ళు కూడా మొదలుపెట్టారు.

చాలాసేపైంది. బయట చీకటి పడుతోంది. వ్యాను తిరిగి వెళ్ళాలి, పొద్దున్నే హోటలుకు దుప్పట్లు అందాలి. కానీ పెద్దక్క ఆపలేదు గనక ఎవరూ ఆపలేకపోయారు. చివరికి గడియారం కళ్ళు తుడుచుకుని, ఆవిడ పక్కకు జరిగి, ఆవిడ చేతిలో ఉన్న రుమాలు కొస పట్టుకుని రెండుసార్లు లాగింది.

పెద్దక్క ఏడుపు ఆపింది. అందరూ ఆపారు.